మంత్రంతో పాము విషం దిగుతుందా? బతికినవాళ్లు రుజువు కాదా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. "మంత్రం వేయించుకుని ఎందరు బతకలేదు?" అని మా పెద్దబాపు వాదిస్తాడు. ఏం చెప్పాలి?

జవాబు: వాళ్లు బతకలేదని వాదించకండి, బతికే ఉంటారు. కానీ మన చుట్టూ తిరిగే జెర్రిపోతు, నీరుకట్టు లాంటి చాలా పాములకు ప్రాణం తీసే విషమే లేదు. నాగుపాము కూడా ఒక్కోసారి కాటేసినా విషం ఎక్కించదు. అలాంటి కాటు పడ్డవాళ్లు మంత్రం లేకున్నా బతుకుతారు. మరి చనిపోయినవాళ్ల మాటేమిటంటే, "లేటుగా తెచ్చారు" అంటారు. బతికితే మంత్రం గొప్ప, పోతే మనిషి తప్పు! ఏం జరిగినా ఓడిపోని మాటను పరీక్షించేదెలా?

మన ఆసుపత్రుల్లో ఇచ్చే యాంటీవెనం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు విరుగుడు. ఆ విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో తయారుచేస్తారు. మిగతా పాములకు పనిచేయకపోవచ్చని డాక్టర్లే చెబుతారు. నాకైతే ఆ ఒప్పుకోలే పెద్ద నమ్మకం.

దేవుడి సంగతి ఇందులోకి లాగకండి, వాదన పక్కదారి పడుతుంది. మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర తెచ్చిన చట్టం కూడా పూజలను, మొక్కులను ఆపలేదు. పాము, తేలు, కుక్క కరిచినవాళ్లను వైద్యానికి వెళ్లనివ్వకుండా మంత్రాలు వేయడాన్ని మాత్రం నేరం చేసింది. పెద్దబాపు కాళేశ్వరంలో మొక్కు తీర్చుకోవచ్చు. ముందు బండి ఆసుపత్రికి తిప్పమనండి, దారిలో ఎంత దండం పెట్టుకున్నా ఎవరూ కాదనరు.