మునగాకు రసం, నాచు సారం: గ్రీన్‌హౌస్ టమాటాపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వారం వారం సముద్రపు నాచు సారం కొడుతున్నాం. ఆకు నిగనిగలాడుతోంది కానీ పూత రాలుతూనే ఉంది, కాయ అడుగున నల్లమచ్చ కూడా వస్తోంది. డోసు పెంచాలా?

జవాబు: పెంచొద్దు. లేబుల్ మీద ఉన్న మోతాదు చాలు. చాలా ద్రవాలకు అది లీటరుకు 2–3 మి.లీ. ఉంటుంది. 10–14 రోజులకోసారి కొడితే సరిపోతుంది. నాచు సారం ఎరువు కాదు. మొక్క ఒత్తిడిని తట్టుకోవడానికి, వేరు సాగడానికి చేయూత మాత్రమే. మీ పూత రాలుతున్న కారణం బహుశా వేడి. పగలు 32 డిగ్రీలు, రాత్రి 21 డిగ్రీలు దాటుతుంటే పుప్పొడి పనిచేయదు. గాలిలో తేమ మరీ ఎక్కువైతే పుప్పొడి ముద్దకట్టి రాలదు. ముందు వెంటిలేషన్ సరిచేసి, పొద్దున తేమ తగ్గాక పూగుత్తులను కదిలించండి.

నల్లమచ్చ కాయ కొసకు కాల్షియం అందకపోవడం వల్ల వచ్చేది. కాల్షియం నీటితోపాటే ఎక్కుతుంది, ఆకు మీద కొట్టింది కాయకు దిగదు. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తే తడులు, వేరు దగ్గర ఉప్పుశాతం పెరగడం, ఈ రెండూ చూసుకోండి. ఇవి సరిగా లేకుండా నాచు సారం లాంటి ఏ బయోస్టిమ్యులెంట్ (మొక్కకు ఊతమిచ్చే ద్రవం) కొట్టినా డబ్బు దండగే.

ప్రశ్న: మునగాకు రసం ఇంట్లోనే చేసుకోవచ్చా? ఎలా?

జవాబు: చేసుకోవచ్చు, బాగా పనిచేస్తుంది కూడా. అందులో జియాటిన్ అనే సైటోకైనిన్ (ఒక రకం మొక్కల హార్మోన్) ఉంటుంది, ఆకు త్వరగా పండిపోకుండా చూస్తుంది. లేత కొమ్మల ఆకులే కోయండి, ముదురాకులో రసం తక్కువ. కిలో ఆకుకు 100 మి.లీ. నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, గుడ్డలో గట్టిగా పిండి, రెండోసారి పలుచని గుడ్డలో వడకట్టండి. ఈ రెండో వడపోత మానేస్తే నాజిల్‌లో పీచు అడ్డుపడుతుంది. లీటరు రసానికి 30 లీటర్ల నీళ్లు కలపాలి. చిక్కగా కొడితే ఆకు మీద జిగట పొర మిగిలి బూజు పడుతుంది.

చేసిన రసం ఐదు గంటల్లోపు వాడేయాలి, లేదా వెంటనే గడ్డకట్టించి ఉంచుకోవాలి. రాత్రంతా బకెట్‌లో ఉంటే పైన నురగ లేచి పుల్లవాసన వస్తుంది. అలాంటిది మొక్క మీద కొట్టకండి. నాటిన రెండు వారాలకు మొదలుపెట్టి, మొదటి పూతకు, పిందె దశకు ఒక్కోసారి కొట్టండి. పొద్దున్నే కొట్టడం మంచిది: మూసిన షెడ్డులో సాయంత్రం తడిసిన ఆకు తెల్లవారేదాకా ఆరదు, బూడిదరంగు బొట్రైటిస్ తెగులుకు అది చాలు.

ప్రశ్న: కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాన్ని కాల్షియం నైట్రేట్‌తో కలిపి డ్రిప్‌లో వదిలాం. డ్రిప్పర్లు మూసుకుపోయాయి.

జవాబు: కాల్షియంతో కలిస్తే హ్యూమిక్ ఆమ్లం గోధుమరంగు ముద్దలా విరిగిపోతుంది. యాసిడ్ పోసినా ఆ ముద్ద కరగదు, కాబట్టి గొట్టాల చివర్లు తెరిచి ఒత్తిడితో నీళ్లు వదలండి. ఇకపై వాటిని వేర్వేరు రోజుల్లో ఇవ్వండి. ఏ రెండు ద్రవాలైనా అదే పాళ్లలో గాజు సీసాలో కలిపి అరగంట చూశాకే ట్యాంకులో పోయండి. అమైనో ఆమ్లాల ద్రావణాన్ని రాగి మందుతో అస్సలు కలపొద్దు. రాగి ఆకులోకి ఎక్కువగా చొరబడి అంచులు మాడతాయి. రెండింటికీ కనీసం వారం ఎడం ఉంచండి.

ప్రశ్న: ఇవి కొట్టాక కాయ రుచి నిజంగా పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఒక వరుసను ఏమీ కొట్టకుండా వదిలేయండి. కొట్టిన వరుస, కొట్టని వరుస రెండింటి నుంచీ కింది నుంచి లెక్కిస్తే ఒకే సంఖ్య గుత్తిలో, ఒకే రంగు దశలో ఉన్న పది కాయలు తీసి రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ (రసంలో కరిగి ఉన్న, ప్రధానంగా చక్కెరల, శాతం) చూడండి. ఒక్క కాయ కొలత లెక్కలోకి రాదు. ఒకే మొక్క మీద కాయకూ కాయకూ తేడా ఉంటుంది. తడి పెట్టిన వెంటనే కాకుండా, రెండు వరుసలనూ ఒకే పూట కొలవండి. కాయ బరువు కూడా రాసుకోండి, ఎందుకంటే నీళ్లు తగ్గితే కాయ చిన్నదై బ్రిక్స్ దానంతటదే పెరుగుతుంది. అప్పుడు ఆ మార్పు మందు వల్ల వచ్చింది కాదు.