పన్నెండు దాటాక పాలు తాగొచ్చా?

ధర్మ సందేహాలు: చెన్నై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పౌర్ణమి ఉపోసథం (బౌద్ధులు ఆ రోజు ప్రత్యేక నియమాలు పాటించే వ్రతం) గురించే. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చి, మిగతావాటికి ఉన్నంతలో జవాబులిస్తున్నాం.

*

ప్రశ్న: పౌర్ణమినాడు ఇంట్లోనే అష్టశీలాలు (ఎనిమిది నియమాలు) తీసుకోవాలని ఉంది. ఎగ్మూరు విహారానికి వెళ్ళడం ప్రతిసారీ కుదరదు. ఎలా మొదలుపెట్టాలి? పన్నెండు దాటాక పాలు, మజ్జిగ పరవాలేదని కొందరు, కూడదని కొందరు అంటున్నారు. నాకు షుగర్ కూడా ఉంది.
– ఒక గృహిణి, కొళత్తూరు

జవాబు: భిక్షువు ఎదురుగా లేకపోయినా శీలాలు తీసుకోవచ్చు. తెల్లవారుతూనే స్నానం చేసి, బుద్ధ ప్రతిమ ఉంటే దాని ముందు, లేకపోతే ఊరికే తూర్పు కిటికీ దగ్గరైనా సరే కూర్చోండి. 'నమో తస్స' (బుద్ధుడికి నమస్కారం) మూడుసార్లు, త్రిశరణాలు (బుద్ధుడిని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం) మూడుసార్లు చెప్పుకుని, ఎనిమిది శీలాలు ఒక్కొక్కటిగా చెప్పుకోండి. పాలీ నోరు తిరగకపోతే తెలుగులోనే చెప్పుకోండి. అర్థం తెలియకుండా అప్పజెప్పడం కన్నా అదే మేలు. పంచశీలాలు (హింస, దొంగతనం, తప్పుడు కామం, అబద్ధం, మత్తు మానడం) అలవాటున్నవాళ్ళు పొరపడేది మూడోదాని దగ్గర. రోజూ చెప్పే 'కామేసు మిచ్ఛాచారా' బదులు ఆ రోజు 'అబ్రహ్మచరియా' అనాలి, అంటే ఆ ఒక్కరోజుకు పూర్తి బ్రహ్మచర్యం. ఆరోది వేళకాని వేళ భోజనం మానడం. ఏడోది ఆటపాటలు, పూలు, అత్తర్లు, అలంకారం మానడం. ఎనిమిదోది ఎత్తైన, విలాసమైన పడకలు వదలడం. మరునాడు తెల్లవారేదాకా ఈ నియమం. అరచేతి గీతలు దీపం లేకుండా కనబడితే తెల్లారినట్టని పాత లెక్క.

ఇక పన్నెండు గంటల సంగతి. నియమం గడియారానిది కాదు, సూర్యుడిది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. చెన్నై దానికి రెండు డిగ్రీల పైచిలుకు పడమరగా ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది సగటున 12:09కి. అది కూడా ఏడాదంతా ఒకటే కాదు. ఫిబ్రవరి రెండోవారంలో 12:23 దాకా జరుగుతుంది, నవంబరు మొదట్లో 11:53కే అయిపోతుంది. నెలనెలా ఈ లెక్కలు వేసుకోలేరు కాబట్టి 11:45కల్లా చెయ్యి కడిగేసుకుంటే ఏ కాలంలోనూ గొడవ లేదు. అంటే 11 గంటలకు విస్తరి ముందు కూర్చోవాలి. ఆఫీసులో ఒంటిగంటకు భోజనం చేసేవాళ్ళు ఆ రోజుకు బాక్సు ముందే తెరవాలి, అంతే.

పాలు, పెరుగు, మజ్జిగ థేరవాద (పాలీ గ్రంథాలను అనుసరించే పాత సంప్రదాయం) విహారాల్లో భోజనం కిందకే వస్తాయి, మధ్యాహ్నం దాటాక పుచ్చుకోరు. రాగి జావ, సగ్గుబియ్యం జావ కూడా అంతే. పలచగా ఉన్నంత మాత్రాన పానీయం కాదు. పుచ్చుకోదగ్గవి: పిప్పి లేకుండా వడగట్టిన ద్రాక్ష, మామిడి, నేరేడు వంటి చిన్న పండ్ల రసాలు, పాలు కలపని కాఫీ, టీ, తేనె నీళ్ళు, నిమ్మరసం, బెల్లం. ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. వినయ అట్ఠకథ (భిక్షువుల నియమాల మీద పాత వ్యాఖ్యానం) ప్రకారం తాటి, కొబ్బరి, పనస, గుమ్మడి లాంటి పెద్ద కాయల రసం ధాన్యంతో సమానం. ఆ లెక్కన సాయంత్రం కొబ్బరిబోండాం భిక్షువులకు పనికిరాదు. గృహస్థులు అంత పట్టింపుగా ఉండాలని మేం అనం. విహారంలో ఉన్నరోజు మాత్రం అక్కడి పద్ధతే పాటించండి.

మన ఇళ్ళకు అన్నిటికన్నా తేలికైంది శ్రీరామనవమి పానకమే. అర లీటరు నీళ్ళకు 60 గ్రాముల బెల్లం, దంచిన మిరియాలు ఆరేడు, రెండు ఏలకులు, చిటికెడు శొంఠి కలిపి గుడ్డలో వడగట్టండి. సాయంత్రం ఆరింటికి ఒక గ్లాసు, తొమ్మిదింటికి ఇంకొకటి చాలు.

కానీ ఈ పానకం మీకు కాదు. షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, రాత్రి భోజనాన్ని లెక్కలోకి తీసుకుని రాసిస్తారు. మందు వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది, చెమటలు పట్టి వణుకొస్తుంది. మాత్ర మీ అంతట మీరు తగ్గించుకోవడమూ ప్రమాదమే. డాక్టరుని అడిగి ఆయన ఒప్పుకుంటేనే ఆరో శీలం తీసుకోండి. లేకపోతే అది వదిలి మిగతా ఏడూ పాటించండి. శీలాలు అడిగేటప్పుడు 'విసుం విసుం రక్ఖణత్థాయ' (విడివిడిగా పాటించడానికి) అనడం ఇందుకే. విడివిడిగా తీసుకున్నప్పుడు ఒకటి లేకపోతే మిగతావి పోవు. ఎప్పుడైనా చక్కెర పడిపోయిందనిపిస్తే వెంటనే చక్కెరో బెల్లమో నోట్లో వేసుకోవాలి. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం ఈ అయిదూ వినయంలో మందుల కిందే ఉన్నాయి, కాబట్టి శీలభంగం మాటే లేదు.

మొదటిసారి చేసేవాళ్ళకు రెండుచోట్ల దెబ్బ తగులుతుంది. రాత్రి లేదు కదా అని పదకొండింటికి రెండుపూటల అన్నం ఒకేసారి తింటారు, రెండింటికి కళ్ళు మూతపడతాయి. రోజూ నాలుగు ఫిల్టర్ కాఫీలు తాగేవాళ్ళు అవి ఒక్కసారిగా మానేసరికి సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, దాన్ని ఆకలి అనుకుంటారు. పాలు లేని కాఫీ ఒక అరకప్పు తాగితే సర్దుకుంటుంది.

ఏడో శీలానికి జడలో మల్లెపూలు, టీవీ, ఫోనులో రీల్స్ ఆ రోజుకు మానాలి. తాళి, మెట్టెలు తీయనక్కర్లేదు. ఎనిమిదోదానికి చాప మీద బొంత చాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మామూలు మంచం మీదే పలచని పరుపుతో పడుకోవచ్చు. నేల మీంచి లేవలేక పడితే ఎవరికీ పుణ్యం రాదు.

తిథి ఒకరోజు మధ్యాహ్నం మొదలై మరునాటికి పోతే ఏ రోజు పాటించాలన్నది ఇంకో పేచీ. పంచాంగానికీ విహారం క్యాలెండరుకూ అప్పుడప్పుడు ఒకరోజు తేడా వస్తుంది. విహారంతో కలిసి చేయడంలో బలం ఉంది కాబట్టి వాళ్ళ క్యాలెండరే పట్టుకోండి.

*

ప్రశ్న: రోజూ ఉదయం 5:30కి ఆనాపానసతికి (శ్వాసని గమనించే ధ్యానం) కూర్చుంటాను. పది నిమిషాలు తిరక్కుండానే కునుకు. మెలకువగా ఉన్నరోజు కాలు మొద్దుబారుతుంది. శ్వాసలు లెక్కపెడితే నలభై, యాభై దాకా పోయి ఎక్కడున్నానో తెలియదు.
– ఐటీ ఉద్యోగి, షోళింగనల్లూరు

జవాబు: ముందు లెక్క. యాభై దాకా పోనివ్వడమే తప్పు. పాత వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన ధ్యాన గ్రంథం విశుద్ధిమగ్గంలో అయిదుకు తక్కువ ఆపొద్దు, పదికి మించొద్దు అని హద్దు గీశాడు. అయిదులోపు ఆపితే ఇరుకుచోట కట్టేసినట్టు మనసు కొట్టుకుంటుంది, పది దాటితే శ్వాసని వదిలి అంకెని పట్టుకుంటుంది. మీకు జరుగుతున్నది ఈ రెండోదే. మొదట ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టమంటాడు. మన కళ్ళాల్లో 'లాభం, రెండు, మూడు' అని కుంచం కుంచానికీ ఆగి పలికినట్టన్నమాట. శ్వాస వదిలాక 'ఒకటి', మళ్ళీ పీల్చి వదిలాక 'రెండు', అలా అయిదు దాకా. తర్వాత ఒకటి నుంచి ఆరు, ఒకటి నుంచి ఏడు, అలా పెంచుకుంటూ పదికి వచ్చి తిరిగి అయిదు నుంచి మొదలు. తప్పిపోతే ఎక్కడ తప్పామా అని వెతకొద్దు, ఒకటికి వచ్చేయండి. నాలుగైదు ఆవృత్తాలు చెదరకుండా సాగితే లెక్క వదిలేసి, ముక్కు కొస దగ్గరో పైపెదవి మీదో గాలి తగిలే చోటే గమనించండి. లెక్క ఊతకర్ర మాత్రమే.

కునుకుపాటుకు అంగుత్తర నికాయంలో (బుద్ధుడి ఉపదేశాల సంకలనం) శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన వరస ఉంది. ఏ ఆలోచనలో ఉండగా మత్తు కమ్మిందో దాన్ని వదిలేయడం, విన్న ధర్మాన్ని మనసులో తిప్పుకోవడం, పైకి వల్లించడం, చెవులు లాగి ఒళ్ళు రుద్దుకోవడం, లేచి కళ్ళు కడుక్కుని ఆకాశంలో చుక్కలు చూడడం, వెలుతురుని తలచుకోవడం, చంక్రమణం (అటూ ఇటూ నడుస్తూ ధ్యానం) చేయడం. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపు తిరిగి, లేచే సమయం మనసులో పెట్టుకుని పడుకోమన్నాడు. ఆఖరి మాట చాలామంది చెప్పరు! అమెరికా కాల్స్‌తో రాత్రి ఒంటిగంటకు పడుకుని అయిదింటికి లేచేవారికి ఏ కిటుకూ పనికిరాదు. ధ్యానం సాయంత్రానికి మార్చుకోండి. లేదా కూర్చునే ముందు మేడ మీద పదిహేను, ఇరవై అడుగుల దూరం ఎంచుకుని ఇరవై నిమిషాలు నిదానంగా అటూ ఇటూ నడవండి. చెన్నైలో ఎనిమిది దాటితే ఆ నేల మీద వట్టికాళ్ళు పెట్టలేరు కనుక తెల్లవారుజామే దానికి సమయం.

కాలు మొద్దుబారడం నరం నొక్కుకుపోవడం వల్ల. దుప్పటి నాలుగు మడతలు వేసి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసి, దాని ముందు అంచు మీదే కూర్చోండి. మోకాళ్ళు రెండూ నేలకు ఆనాలి. ఎత్తు చాలకపోతే మోకాళ్ళు లేస్తాయి, నడుము వంగుతుంది. మరీ వెనక్కి కూర్చుంటే మడత అంచు తొడ కింద నొక్కుతుంది. మొద్దుబారిన కాలితో వెంటనే లేవకండి, మడమ తిరిగి పడతారు. మొదటి నెల ఇరవై నిమిషాలకు మించొద్దు.

*

ప్రశ్న: మా ఆయనకు చికెన్ దుకాణం ఉంది. నేను పంచశీలాలు తీసుకోవచ్చా? మాంసం తినొచ్చా?
– ఒక పాఠకురాలు, వ్యాసర్పాడి

జవాబు: తీసుకోవచ్చు. త్రిశరణాలు కోరినవాళ్ళను ఇంట్లో వ్యాపారం చూసి కాదనరు. అయితే ఉన్నమాట దాచం. ఉపాసకులు (గృహస్థ బౌద్ధులు) చేయకూడని అయిదు వ్యాపారాల్లో మాంసం ఒకటి. మిగతావి ఆయుధాలు, ప్రాణులు, మత్తుపదార్థాలు, విషం. కల్లు దుకాణానికీ కోళ్ళ ఫారానికీ ఇదే లెక్క. అలాగని రేపే షట్టరు దించమని ఇంట్లో పోరుపెట్టడం మా సలహా కాదు. అప్పులు తీరాక, పిల్లల చదువుల ఒత్తిడి తగ్గాక ఏ వ్యాపారంలోకి మారవచ్చో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అందాకా కత్తి పట్టే పని మీరు చేయకండి.

హత్య పూర్తి కావడానికి అయిదు అంగాలు చెబుతారు: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న ఉద్దేశం ఉండాలి, ప్రయత్నం జరగాలి, దానివల్ల ప్రాణం పోవాలి. తినడం విషయంలో భిక్షువులకు జీవక సుత్తంలో (బుద్ధుడి ఉపదేశం) ఉన్న నియమం ఇది: తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం ముట్టకూడదు. ఇది మీ ఇంటికి అన్వయిస్తే, ముందే కోసి ఉంచినది కొనడం వేరు, గంపలోని కోడిని చూపించి 'దీన్ని కొయ్యి' అనడం వేరు. రెండోది చంపించడమే. లంకావతార సూత్రం లాంటి మహాయాన (మరో బౌద్ధ శాఖ) గ్రంథాలు మాంసం పూర్తిగా వద్దంటాయి. థేరవాదులు అంతదూరం వెళ్ళరు.

*

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, ఎస్సీ. బౌద్ధం తీసుకుంటే రిజర్వేషన్ పోతుందా? పెళ్ళి చెల్లుతుందా?
– ఒక యువకుడు, అంబత్తూరు

జవాబు: పోదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950లో వచ్చినప్పుడు, కొన్ని సిక్కు కులాలు తప్ప, హిందువులకే వర్తించేది. 1956లో మిగతా సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. హిందూ వివాహ చట్టం 1955 బౌద్ధులకూ వర్తిస్తుంది. మీ ఆచారం ప్రకారం పెళ్ళి చేసుకుని రిజిస్టరు చేయించుకోండి. మీకు అసలు చిక్కు మతంతో కాదు, ఊరితో. వలస వచ్చినవాళ్ళకు తమిళనాడు ప్రభుత్వ రిజర్వేషన్ రాదు. సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు పనికొస్తుంది. అది భద్రంగా ఉంచుకోండి.

మద్రాసులో తెలుగు పేర్లున్న బౌద్ధులు కొత్తేం కాదు. క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పిన పోకల లక్ష్మీనరసు 1907లో ఇంగ్లీషులో బౌద్ధసారం మీద రాసిన పుస్తకానికి 1948 ముద్రణలో అంబేడ్కర్ ముందుమాట రాశారు.

*

ప్రశ్న: పిల్లలను ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడడానికి తీసుకెళ్తున్నాను. ఏం చూపించాలి?
– టీచరు, రాయపురం

జవాబు: ముందు ఇవి చెన్నైకి ఎలా వచ్చాయో చెప్పండి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తూ దిబ్బ తవ్విస్తే రాళ్ళు బయటపడ్డాయి. 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండన్ వెళ్ళిపోయింది. పలనాటి సున్నపురాయి అది.

తర్వాత ఒక ఆట ఆడించండి: బుద్ధుడు ఎక్కడ? పాత పలకల్లో మనిషి రూపం ఉండదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలు, ధర్మచక్రం, మంటల స్తంభం ఉంటాయి, చుట్టూ జనం దండం పెడుతుంటారు. స్తూపం చెక్కిన పలక దగ్గర నిలబెట్టి, ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద అయిదు ఆయక స్తంభాలు లెక్కపెట్టించండి. జననం, మహాభినిష్క్రమణం, జ్ఞానోదయం, తొలి ప్రవచనం, పరినిర్వాణం అని వాటికి అర్థం చెబుతారు. నాలుగు దిక్కులా అలాంటివే.

నాళాగిరి ఏనుగు పతకం దగ్గర ఎక్కువసేపు ఉండండి. దేవదత్తుడు బుద్ధుడి మీదికి వదిలిన మత్తగజం అది. ఒకే గుండ్రటి రాయిలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమవైపు మనుషులను తొక్కుతూ, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. పైన మేడల మీంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు. బొమ్మల కథలు చదివే పిల్లలకు వివరించనక్కర్లేదు, పెద్దవాళ్ళే తికమకపడతారు. మ్యూజియానికి సెలవు రోజు ఏదో ముందే కనుక్కుని వెళ్ళండి.

*

ప్రశ్న: లాఫింగ్ బుద్ధ బహుమతిగా వచ్చింది. పూజ గదిలో ఏ దిక్కున పెట్టాలి?
– టి.నగర్

జవాబు: ఆ బొజ్జాయన గౌతమ బుద్ధుడు కాదు, పదో శతాబ్దపు చైనా భిక్షువు బుడాయి. చైనాలో మైత్రేయుడి (రాబోయే బుద్ధుడి) అవతారమని గౌరవిస్తారు. డబ్బొస్తుందని పొట్ట నిమరడం బజారు పుట్టించినది. గౌతముడి ప్రతిమకైనా దిక్కుల నియమం ఏ సుత్తంలోనూ లేదు. నడుము కన్నా ఎత్తులో, కాళ్ళు చాపే వైపు కాకుండా ఉంటే చాలు. వాడిన పూలు రాత్రికే తీసేయండి. బుడాయి షోకేసులో ఉండొచ్చు.