పాలసీ నాన్న పేరు మీద, బైక్ నడిపేది నేను: ఇలా చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 20. లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. చదువుకుంటూ పార్ట్‌టైమ్ పని చేసి కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో 400 సీసీ బైక్ కొందామనుకున్నాను. బీమా కొటేషన్ చూసేసరికి గుండె ఆగినంత పనైంది. ఏడాది ప్రీమియమే బైక్ ధరలో మూడో వంతు ఉంది. పాలసీ నాన్న పేరు మీద తీసుకుని, నన్ను కూడా అందులో చేర్పిస్తే సగానికి సగం తగ్గుతుందని ఫ్రెండ్ చెప్పాడు. అలా చేయొచ్చా? లేదంటే థర్డ్ పార్టీ ఒక్కటి తీసుకుంటే చాలా? ఒకటి రెండేళ్లు ఆగి కొంటే తగ్గుతుందా?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సలహా సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే.

బీమా దరఖాస్తులో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: ఈ బండిని ఎక్కువగా నడిపేది ఎవరు? మీ ఫ్రెండ్ చెప్పిన తగ్గింపు అంతా ఆ ఒక్క గడిలో 'నాన్న' అని రాయడం వల్ల వచ్చేదే. రోజూ నడిపేది మీరైనప్పుడు అక్కడ నాన్నగారి పేరు రాస్తే అది అబద్ధమే. ఇంటి విషయంలా కనిపించినా బీమా కంపెనీ దృష్టిలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టే లెక్క.

నా దగ్గర సలహా తీసుకునే ఒక కుటుంబంలో ఇలాగే జరిగింది. తడి రోడ్డు మీద మలుపు తిరుగుతుండగా అబ్బాయి బైక్ జారింది. దేవుడి దయవల్ల మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. బండి ముందు భాగం మాత్రం మొత్తం పోయింది. క్లెయిమ్ పెట్టాక కంపెనీ పంపిన మనిషి అడిగినవి మూడే ప్రశ్నలు. బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుంది? పెట్రోల్ ఎవరు పోయిస్తారు? ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నారు? అబ్బాయి నిజాయితీగా చెప్పాడు. బండి ఉండేది హాస్టల్లో, పెట్రోల్ తన డబ్బుతోనే, వెళ్తున్నది కాలేజీకి. వాళ్ల నాన్నగారు ఆ బండి ఎక్కి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. క్లెయిమ్ రాలేదు, పాలసీ రద్దయింది. తర్వాత ఏ కంపెనీకి దరఖాస్తు చేసినా 'గతంలో మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా' అనే ప్రశ్నకు ఆ ఇద్దరూ అవునని రాయాల్సి వస్తోంది. మిగిలిందనుకున్న ప్రీమియం కంటే ఎన్నో రెట్లు పోయింది.

అక్కడ దెబ్బ తగిలింది బండికే. రోడ్డు మీద ఇంకో మనిషికి తగిలి ఉంటే? చాలా దేశాల్లో అలాంటప్పుడు బాధితుడికి బీమా కంపెనీ ముందు పరిహారం చెల్లించి, తప్పు సమాచారం ఇచ్చిన వాళ్ల దగ్గర ఆ సొమ్ము తిరిగి వసూలు చేసుకోవచ్చు. ఒక మనిషి చికిత్స, పోయిన సంపాదన, అన్నీ కలిపితే ఎంతవుతుందో ఊహించుకోండి. 20 ఏళ్ల వయసులో అంత అప్పు నెత్తిన పడితే జీవితమే తలకిందులవుతుంది. కాబట్టి ఆ దారి వద్దు.

దీన్నే తిరగేసి చేస్తే మాత్రం తప్పులేదు. పాలసీ మీ పేరు మీద, ప్రధానంగా నడిపేది మీరని రాసి, నాన్నగారిని అదనపు రైడర్‌గా చేర్చండి. ఆయన అప్పుడప్పుడూ నిజంగా ఆ బండి నడుపుతూ, ఏళ్లుగా క్లెయిమ్ లేని మనిషైతే కొన్ని కంపెనీలు ప్రీమియం కొంత తగ్గిస్తాయి. సగం తగ్గదు. కానీ పాలసీ మీ పేరు మీద ఉంటేనే క్లెయిమ్ లేని సంవత్సరాలు మీ ఖాతాలో చేరతాయి. నాన్నగారి పాలసీలో పేరుగా ఉండిపోతే మూడేళ్ల తర్వాత కూడా మీరు కొత్తవారే.

అసలు ఇంత ప్రీమియం ఎందుకు వేశారు? కొన్ని దేశాల్లో బీమా ధర ప్రధానంగా బండిని బట్టి ఉంటుంది. భారతదేశంలో థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ముందే ఖరారై ఉంటుంది, నడిపేవారి వయసు చూడరు. ఇంకొన్ని చోట్ల నడిపే మనిషిని బట్టి ధర వేస్తారు. మీ కొటేషన్ చూస్తే మీది రెండో రకమే. మీరు ఎలా నడుపుతారో కంపెనీకి తెలియదు. మీ గురించి చెప్పే రికార్డు ఇంకా లేదు కాబట్టి మీ వయసు వాళ్లందరి లెక్కా మీ మీద వేస్తుంది.

ఆ లెక్క ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ప్రమాదస్థలానికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. పాత నివేదికే అయినా నేను యువ రైడర్లందరికీ అందులోని ఒక మాట చెబుతాను. ప్రమాదానికి గురైన వారిలో సగానికి పైగా ఆ ఫలానా బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేనివాళ్లు. గమనించండి, వాళ్లలో చాలామందికి బైక్ నడపడం కొత్త కాదు, ఆ బండి కొత్త. 92 శాతం మంది సొంతంగానో, స్నేహితుల దగ్గరో, ఇంట్లో వాళ్ల దగ్గరో నేర్చుకున్నవాళ్లే, శిక్షణ తీసుకున్నవాళ్లు కాదు.

ఇందులో మీ జేబుకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, గుర్తింపు ఉన్న శిక్షణ కోర్సు చేయండి. కొన్ని కంపెనీలు దానికి తగ్గింపు ఇస్తాయి. ఇవ్వకపోయినా ఆ డబ్బు వృథా కాదని నా గట్టి నమ్మకం. రెండోది, 400 సీసీతో మొదలుపెట్టకండి.

మనసు విరిచే మాటే, తెలుసు. కానీ ప్రీమియం తగ్గించే మార్గాల్లో దీన్ని మించింది లేదు. యూరప్‌లో లైసెన్స్ పద్ధతే మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏ1 లైసెన్స్‌తో 125 సీసీ, 11 కిలోవాట్ల పవర్ దాకా, ఏ2తో 35 కిలోవాట్ల దాకా, ఆ పైన పూర్తి ఏ లైసెన్స్. బీమా కంపెనీల ఆలోచన కూడా దాదాపు ఆ మెట్లలాగే నడుస్తుంది. బండి పవర్, దొంగలు ఎత్తుకెళ్లే మోడలా కాదా, విడిభాగాల ఖరీదు, ఇవన్నీ చూస్తారు. మీరు బైక్ ఎంచుకుని, తర్వాత బీమా అడిగారు. ఈసారి తిరగేసి చేయండి. నచ్చిన నాలుగైదు మోడళ్లు రాసుకుని ఒక్కో దానికి ముందే కొటేషన్ తీసుకోండి. ఒకే ధర ఉన్న రెండు బండ్ల మధ్య కూడా ప్రీమియంలో చాలా తేడా వస్తుంది. గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నదే చూడండి. యూరప్‌లో 2016 నుంచి 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు దాన్ని తప్పనిసరి చేశారు. సైలెన్సర్ లాంటివి మార్చిన బండి అయితే ఆ మార్పులు కంపెనీకి చెప్పాలి, చెబితే ప్రీమియం పెరగొచ్చు. అలాంటి బండి వదిలేయడమే మేలు.

థర్డ్ పార్టీ సంగతి. మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ కవర్ ఉంటుంది. అది చాలా దేశాల్లో చట్టప్రకారం తప్పనిసరి. మీ బండికి జరిగే నష్టం అందులో రాదు. ఎలా తేల్చుకోవాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇతరులకు జరిగే నష్టంతో పాటు మీ బండి నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీ 100 అనుకుందాం, మీ లెక్క ప్రకారం బండి ధర 300. థర్డ్ పార్టీ మాత్రం అయితే 80 అనుకోండి. అంటే 20 ఎక్కువ కట్టి 300 విలువైన వస్తువును కాపాడుకుంటున్నారు, సుమారు 7 శాతం. ఈ తేడా బండి విలువలో పదో వంతు దాటితే నేను సాధారణంగా థర్డ్ పార్టీ చాలంటాను. ఈ ఉదాహరణలో అది దాటలేదు. పైగా మీరు దాచుకున్నదంతా ఈ బండికే పెడుతున్నారు. అది పోతే మళ్లీ కొనే స్తోమత ఇప్పట్లో లేదు కాబట్టి మొదటి ఏడాది కాంప్రహెన్సివ్ తీసుకోండి. రెండు కొటేషన్లూ అడగండి. ఒక్కోసారి థర్డ్ పార్టీకీ దీనికీ తేడా అనుకున్నంత ఉండదు.

క్లెయిమ్ వచ్చినప్పుడు మొదట మీ జేబులోంచి పెట్టుకునే మొత్తాన్ని ఎక్సెస్ అంటారు, కొన్ని చోట్ల డిడక్టిబుల్ అంటారు. దాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిజమే. ఎక్సెస్ 10 నుంచి 30కి పెంచితే ప్రీమియం 12 తగ్గిందనుకోండి. అదనంగా తలకెత్తుకున్నది 20. అంటే సుమారు 20 నెలలు క్లెయిమ్ లేకుండా గడిస్తేనే మీకు లాభం. కొత్త రైడర్‌కు అది చిన్న షరతేమీ కాదు. పైగా ఆ 30 ఇవాళ మీ బ్యాంకు ఖాతాలో ఉందా? లేదంటే పెంచకండి.

నెలవారీ వాయిదాల దగ్గర జాగ్రత్త. ఏడాదికి 100 కట్టాల్సింది పన్నెండు వాయిదాల్లో 110 అవుతుందంటే 10 శాతమేగా అనిపిస్తుంది. మీరు కట్టాల్సిన బాకీ నెలనెలా తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 20 శాతం అవుతుంది. ఒకేసారి కట్టలేనంత ప్రీమియం అయితే ఆ బండి మీ స్తోమతకు మించిందని అర్థం.

అద్దమో ఇండికేటరో విరిగితే క్లెయిమ్ పెట్టకండి. వచ్చేది తక్కువ, పోయేది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ప్రమాదం జరిగిందన్న సమాచారం మాత్రం పాలసీ నిబంధనల ప్రకారం కంపెనీకి ఇవ్వండి. సమాచారం ఇవ్వడం వేరు, డబ్బు అడగడం వేరు. పార్ట్‌టైమ్ పని అన్నారు, అది డెలివరీ పనైతే మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు, ముందే అడగండి.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. థర్డ్ పార్టీ పాలసీ మీ విరిగిన కాలుకు డబ్బు ఇవ్వదు. కాంప్రహెన్సివ్‌లో కూడా రైడర్‌కు ఉండే కవర్ చాలాసార్లు నామమాత్రమే. మీకు ఆరోగ్య బీమా, వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. లేకపోతే వాటి ఖర్చు, ఎలాగూ కావాల్సిన మంచి హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ ఖర్చు బండి ధరలోంచే తీసి పక్కన పెట్టండి. బండి ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు.

ఇక ఆగితే తగ్గుతుందా అంటే, ఊరికే ఆగితే వయసు పెరిగిన మేరకు కొంత తగ్గుతుంది. కానీ రికార్డు రాదు. నాకైతే ఇప్పుడే 125 సీసీ దాకా ఉన్న బండి, మీ పేరు మీద పాలసీ, రెండేళ్లు క్లెయిమ్ లేకుండా నడపడం నచ్చుతుంది. చిన్న బండి మీద వచ్చిన నో క్లెయిమ్‌ను పెద్ద బండికి మార్చుకోవచ్చో లేదో పాలసీ తీసుకునే ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. పాలసీ గడువు ముగియడానికి మూడు నాలుగు వారాల ముందు కొత్త కొటేషన్లు మొదలుపెట్టండి, మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ రానివ్వకండి. 400 సీసీకి అప్పుడు వచ్చే కొటేషన్‌ను ఇప్పటి దాని పక్కన పెట్టి చూసి, నాకు మళ్లీ రాయండి.