బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు వేర్ సెన్సర్ కూడా మార్చాలా?

డ్యాష్‌బోర్డ్ మీద బ్రేక్ ప్యాడ్ లైటు వెలిగాక ప్యాడ్లు మారుస్తుంటే, ప్యాడ్ అరుగుదలని పసిగట్టే ఈ వేర్ సెన్సర్ కూడా మార్చాల్సిందే. చాలా కార్లలో ఈ సెన్సర్ అంటే ప్యాడ్‌లోకి దూర్చిన చిన్న వైరు లూప్. ప్యాడ్ అరిగి పల్చబడ్డాక తిరిగే డిస్క్ ఆ వైరును కూడా రాసి తెంపేస్తుంది. సర్క్యూట్ తెగగానే లైటు వెలుగుతుంది. తెగిన సెన్సర్‌ని కొత్త ప్యాడ్‌కి పెట్టినా ఆ లైటు ఆరదు.

లైటు వెలగకముందే మారుస్తుంటే, కొన దెబ్బతినని పాత సెన్సర్‌ని తిరిగి వాడొచ్చు. కానీ బ్రేకుల వేడికి దాని ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది, చాలాసార్లు బయటికి లాగేటప్పుడే విరుగుతుంది. అందుకే కొత్తది దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టండి.

కొన్ని కార్లలో నాలుగు చక్రాలకూ సెన్సర్లు ఉండవు, యాక్సిల్‌కి, అంటే ముందు లేదా వెనక చక్రాల జతకి, ఒకటే ఉంటుంది. విప్పేముందు వైరు ఏ క్లిప్పుల గుండా వెళ్తుందో ఫోటో తీసుకోండి. వదులుగా వదిలేస్తే టైరుకో డిస్క్‌కో రాసుకుని తెగుతుంది.

తెగిన సెన్సర్ రెండు వైర్లనీ కలిపేసి లైటు ఆర్పేద్దామని మాత్రం అనుకోవద్దు. మళ్లీ ప్యాడ్ అరిగినప్పుడు హెచ్చరిక రాదు, ప్యాడ్ వెనకుండే లోహం డిస్క్‌ని కోసేస్తుంది. బీఎమ్‌డబ్ల్యూ లాంటి కార్లలో కొత్త సెన్సర్ బిగించాక సర్వీస్ మెనూలో రీసెట్ కూడా చేయాలి.