ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ మొత్తం తీస్తే పన్ను పడుతుందా?

పడుతుంది. విజయవాడలో నాలుగేళ్ల ఎనిమిది నెలలు పనిచేసి హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరుతున్నానని, ఈలోపు పీఎఫ్ అంతా తీసేసుకుంటే ఏమవుతుందని అడిగారు. నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. మా దగ్గర మానేసే ప్రతివాడూ ఇదే అడుగుతాడు. నా మాటొకటే, ఆ డబ్బు ముట్టుకోకండి.

మా బావమరిదికి కూడా ఐదేళ్లు నిండలేదు. మంగళగిరి వైపు ప్లాటు చూసుకున్నాడు, అడ్వాన్సు కట్టాలని తొందర. నన్ను అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్‌కు లాక్కెళ్లాడు. అక్కడి కుర్రాడు జీతమెంతో కూడా అడక్కుండా, టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) కోయొద్దని రాసిచ్చే ఫారం 15జీ తెరిచాడు. అంతకుముందు వచ్చినాయన ఫారమే అది. పేరు, పాన్ నంబరు మార్చాడు గానీ ఏడాది ఆదాయం గడిలో పాతాయన అంకె అలాగే ఉంది. ఇదేంటయ్యా అంటే, "అది ఎవరూ చూడరు సార్, అందరికీ ఇదే పెడుతున్నాం" అన్నాడు.

ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద పన్నే పడని వాళ్లు ఇవ్వాల్సిన కాగితం అది. తప్పుడు డిక్లరేషన్‌కు చట్టంలో జైలు శిక్ష దాకా ఉంది. నేను పట్టుబట్టి 15జీ తీసేయించాను. 2,40,000 రావాల్సిన చోట 10 శాతం టీడీఎస్ పోయి 2,16,000 పడింది. 50 వేలు, ఆపైన తీస్తే ఈ కోత ఉంటుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. "నీవల్లే బావా 24 వేలు పోయాయి" అని వాడు, వాడి తరఫున మా ఆవిడ!

అసలు కథ జులైలో రిటర్ను వేసేటప్పుడు మొదలైంది. ఆ 10 శాతం బయానా లాంటిదే. కంపెనీ వేసిన వాటా, దాని మీద వడ్డీ జీతంలో కలుస్తాయి. మన వాటా మీద వడ్డీ ఇతర ఆదాయం కిందికి వస్తుంది. మన వాటాకు మళ్లీ పన్ను ఉండదు గానీ, గతంలో 80సీ (పొదుపుకు పన్ను తగ్గించే సెక్షన్) కింద మినహాయింపు తీసుకుని ఉంటే అదీ వెనక్కి లాగుతారు. వాడిది 20 శాతం శ్లాబు, చేతి నుంచి ఇంకా కట్టాడు. ప్లాటు ఏజెంటు ఇవేమీ చెప్పడు కదా. నన్నడిగితే మన జిల్లాల్లో సగం పీఎఫ్‌లు ఖాళీ చేయిస్తున్నది ఈ వెంచర్ల వాళ్లే. ఆదివారం కారు పంపి, భోజనం పెట్టించి, సాయంత్రానికల్లా సంతకం పెట్టించుకుంటారు. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం, ఆ లేఅవుట్‌లో రోడ్డు కూడా వేయలేదు.

ఆరోగ్యం బాగాలేక మానేసినా, కంపెనీయే మూతపడినా ఐదేళ్ల షరతు వర్తించదు. మీది ఆ కేసు కాదు. కొత్త కంపెనీలో పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇచ్చి ఖాతా ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పాత సర్వీసు కలుస్తుంది, ఇంకో నాలుగు నెలలకు ఐదేళ్లు నిండుతాయి. అంతకంటే ముందు పీఎఫ్ పోర్టల్‌లో పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ, అంటే మానేసిన తేదీ, వేసిందో లేదో చూసుకోండి. వేయకపోతే, మానేసిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు.