పీల్చే మందు, సూది మందు: కొత్తగా చేరిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. మందును రోగి వాడే రూపంలోకి తెచ్చే ఫార్ములేషన్ విభాగంలో చేరావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నీకు రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ముందు ఇన్‌హేలర్ల మీద, తర్వాత ఇంజెక్షన్ల మీద పని చేయిస్తారన్నావు. ముప్పై ఏళ్లు నేను ఆ రెండిటి మధ్యే తిరిగాను. మొదట్లో నాకెవరూ చెప్పని సంగతులు కొన్ని చెబుతాను.

మందు సరైనది, మోతాదు సరిగ్గా ఉంది, ఇక నా పని అయిపోయింది అని ఎప్పుడూ అనుకోకు. అది చేరాల్సిన చోటికి చేరిందా అన్నది నువ్వే చూడాలి.

పీల్చే మందులో ముందు రేణువు సైజు చూడాలి. సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటే ఊపిరితిత్తుల లోపలికి వెళ్తుంది. పెద్దదైతే గొంతు మలుపు తిరగలేక అక్కడే అతుక్కుంటుంది. మరీ సన్ననిదైతే చాలావరకు వదిలిన ఊపిరితో బయటికొచ్చేస్తుంది. చిక్కేమిటంటే, అంత సన్నటి పొడి దానికదే ముద్ద కడుతుంది. అందుకే పొడి ఇన్‌హేలర్లలో చాలావాటికి లాక్టోజ్ (పాల చక్కెర) కలుపుతాం. పెద్ద లాక్టోజ్ గింజలకు మందు నలుసులు అంటుకుని ఉండి, రోగి పీల్చిన విసురుకి ఊడి రావాలి. పట్టు ఎక్కువైతే లాక్టోజ్‌తో పాటు గొంతులోనే ఆగిపోతాయి. తక్కువైతే ఫిల్లింగ్ మెషీన్‌లోనే విడిపోయి, ఒక క్యాప్సూల్‌లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడతాయి.

నా రెండో ప్రాజెక్టులో ఒక బ్యాచ్ మొదటి పరీక్షలన్నీ చక్కగా పాసైంది. నెల రోజులు 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టి, తీసి ఒక క్యాప్సూల్ విప్పాను. నల్ల కాగితం మీద ఒంపితే, జారాల్సిన పొడి ఆవగింజలంత ఉండలై నిలిచిపోయింది. వేలితో తాకితే మెత్తగా చిదిగింది. అస్సే, అంటే మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష, చేస్తే మందు నూటికి నూరు పాళ్లూ ఉంది. రేణువులను సైజు వారీగా అంచెలంచెలుగా వేరుచేసే ఇంపాక్టర్‌లో పెడితే మాత్రం దాదాపు అంతా పై అంచెల్లోనే ఆగిపోయింది. ఆ రిపోర్టులో అస్సే ఒక్కటే చూసుంటే ఆ బ్యాచ్ మంచిదనే అనుకునేవాణ్ణి. ఆ రోజు పట్టుకున్న భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు, వదలకపోవడమే మంచిదైంది.

స్ప్రే ఇన్‌హేలర్ల సంగతి ఇంకో తీరు. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత, మందును బయటికి నెట్టే సీఎఫ్‌సీ గ్యాసులు క్రమంగా పోయి హెచ్‌ఎఫ్‌ఏ గ్యాసులు వచ్చాయి. బెక్లోమెథాసోన్ అనే ఆస్తమా మందును కొత్త గ్యాసులో కరిగించి క్యూవార్ అనే ఇన్‌హేలర్ తయారుచేస్తే తుంపర బాగా సన్నబడింది. ఊపిరితిత్తులకు ఎక్కువ చేరింది కాబట్టి పాత మోతాదులో సుమారు సగమే సరిపోయింది. అదే మందుతో వచ్చిన క్లెనిల్‌లో తుంపర పెద్దది, దానికి పాత మోతాదే. ఒకటి మానేసి ఇంకోటి అదే లెక్కన వాడితే మోతాదు రెట్టింపో సగమో అయిపోతుంది.

ఇంకో మాట. స్ప్రేని నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పొడిని ఒక్కసారిగా గట్టిగా లాగాలి. మందులేని డమ్మీ పరికరంతో నువ్వే లాగి చూడు. ఆయాసంతో ఉన్న మనిషి అంత బలంగా లాగగలదా అని ఆలోచించు. ఆ ఊపిరి కూడా నీ ఫార్ములాలో భాగమే.

ఇంజెక్షన్లకు వద్దాం. ఇన్సులిన్ గ్లార్జిన్ చూడు. వయల్‌లో (మందు సీసాలో) పీహెచ్ 4 దగ్గర, అంటే ఆమ్లంగా, నీళ్లలా తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లి అక్కడి పీహెచ్ తగలగానే సన్నటి అవక్షేపంగా మారి, రోజంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. అందుకే దాన్ని ఇంకే ఇన్సులిన్‌తోనూ సిరంజిలో కలపకూడదు. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్‌లో ప్రోటమిన్‌తో కట్టిన స్ఫటికాలు ఉంటాయి. ఒక వయల్‌ను కదపకుండా ఉంచి వెలుతురుకి పట్టి చూడు, అడుగున తెల్లగా, పైన తేటగా కనిపిస్తుంది. అరచేతుల మధ్య నెమ్మదిగా పదిసార్లు దొర్లిస్తే అంతా ఒకేలా పాలలా అవుతుంది. దొర్లించకుండా తీసుకుంటే ఒక డోసు పలుచన, ఇంకో డోసు చిక్కన. గబగబా కుదిపితే నురగ వస్తుంది, ప్రోటీన్ దెబ్బతింటుంది.

పెన్సిలిన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండు. బెంజథీన్ పెన్సిలిన్ సరిగ్గా కరగదు కాబట్టే కండలో వారాల తరబడి ఉండి పనిచేస్తుంది. అదే పొరపాటున రక్తనాళంలోకి వెళ్లి గుండె ఆగిపోయిన కేసులున్నాయి. లేబుల్ మీద ఆ హెచ్చరిక ఎంత పెద్దగా ఉన్నా ఎక్కువని నేననుకోను. సూది మందు విషయంలో ఒంటికి వేరే కాపలా లేదు. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) బ్యాక్టీరియా చచ్చినా దాని ఎండోటాక్సిన్ అనే విషం మిగిలిపోవచ్చు, రక్తనాళంలోకి వెళ్తే చలిజ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. స్టెరిలిటీ (బతికున్న క్రిములు లేవని చూసే) పరీక్ష పాసైందని ఎండోటాక్సిన్ పరీక్ష వదిలేయకు.

యాంటీబాడీ మందులు చిక్కగా ఉంటాయి. వాటి మీద పని పడినప్పుడు, రోగి వాడే సన్న సూదితోనే నీ చేత్తో పిస్టన్ నొక్కి చూడు. కీళ్లు వంగని వేళ్లతో నొక్కే మనిషి గుర్తుకు రావాలి.

వచ్చే వారం ఇంపాక్టర్ దగ్గర కూర్చోబెడతారని రాశావు కదా. ప్లేట్లు కడిగి ద్రావణం తీసే ముందు ఒక్కొక్కటీ దీపం కింద వంచి చూడు. తెల్లటి పూత ఏ అంచెలో మందంగా ఉందో, ఎక్కడ అసలు లేదో నోట్‌బుక్‌లో గీసుకో. ఆ బొమ్మ ఫోటో తీసి నాకు పంపు, మాట్లాడుకుందాం.

మీ మామయ్య