ముసలి పిల్లి బొచ్చు, చర్మం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నల్లపిల్లికి పద్నాలుగేళ్లు. కొన్ని నెలలుగా నడుము మీద, తోక మొదట్లో బొచ్చు ముద్దలు కట్టి, చుండ్రు రాలుతోంది. కొబ్బరినూనె రాసి, పిల్లల షాంపూతో స్నానం చేయించాం. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. వేసవి కాబట్టి బొచ్చంతా కత్తిరించేయమని పక్కింటివారు అంటున్నారు. ఈమధ్య కాస్త సన్నబడింది, అయితే తిండి మాత్రం మునుపటికంటే ఎక్కువగానే తింటోంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు చిట్టచివర రాసిన వాక్యాన్నే నేను మొదట పట్టించుకుంటాను. బాగా తింటూ కూడా సన్నబడుతున్న ముసలి పిల్లికి బొచ్చు చెడిందంటే, చర్మానికి మందు రాయడానికి ముందు రక్తపరీక్ష చేయించాలి. పదేళ్లు దాటిన పిల్లుల్లో మెడలోని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం తరచుగా కనిపించే జబ్బు. ఆకలి పెరగడం, బరువు తగ్గడం, రాత్రిపూట అరుస్తూ తిరగడం, బొచ్చు రేగిపోయి నిర్జీవంగా కనిపించడం దాని లక్షణాలు. మధుమేహంలో కూడా తిండి తింటూనే చిక్కిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఆకలి తగ్గుతుంది, దప్పిక, మూత్రం పెరుగుతాయి. ఈ మూడింటిలోనూ బొచ్చు పాడవుతుంది కాబట్టి, పైకి చూసి ఏ జబ్బో చెప్పడం సాధ్యం కాదు. రక్తంలో థైరాయిడ్ హార్మోను, చక్కెర, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్, వీటితోపాటు మూత్రపరీక్ష, వీలైతే రక్తపోటు చూపించండి. 1955 నుంచీ నడుస్తున్న పశువైద్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది. అక్కడి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఒక హెచ్చరిక. థైరాయిడ్ మాత్రలు మన ఇళ్లలో చాలామంది వేసుకుంటారు. అవి హార్మోను తక్కువైన మనుషులకు ఇచ్చేవి. పిల్లికి వచ్చేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు కాబట్టి, ఆ మాత్ర వేస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది.

ఇక బొచ్చు ముద్దలు ఎక్కడ కట్టాయన్నది కూడా గమనించదగిన విషయమే. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మేలుకుని ఉన్న సమయంలో పెద్ద భాగాన్ని ఒళ్లు నాక్కోవడానికే వెచ్చిస్తుంది. గరుకైన ఆ నాలుకే రాలిన వెంట్రుకలను తీసేసి, చర్మంలో ఊరే నూనెను బొచ్చంతా పరుస్తుంది. మన లెక్కలో మీ పిల్లి వయసు సుమారు డెబ్బై రెండేళ్లు. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్లో అత్యధికభాగానికి ఎక్స్‌రే తీస్తే ఎక్కడో ఒకచోట కీళ్ల అరుగుదల కనబడుతుంది. పిల్లి కుంటదు, మూలగదు. గోడ ఎక్కడం మానేస్తుంది, నడుము తిప్పి వెనకభాగాన్ని నాక్కోవడం మానేస్తుంది, ఇంట్లోవాళ్లు దాన్ని వయసు మందగింపు అనుకుంటారు. మెడ, ఛాతీ శుభ్రంగా ఉండి నడుము, తోక మొదలు మాత్రమే ముద్దకట్టి ఉంటే నేను మొదట కీళ్లనే అనుమానిస్తాను. ఒళ్లంతా రేగిపోయి, నోటినుంచి దుర్వాసన వస్తుంటే పళ్లు, చిగుళ్లు చూడాలి, ఎందుకంటే నోరు నొప్పిగా ఉన్న పిల్లి నాక్కోదు. నొప్పి ఉందని తెలిసినా ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయవద్దు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సగం మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

కట్టిన ముద్దల విషయానికి వస్తే, కత్తెర వాడవద్దు. ముసలి పిల్లి చర్మం పలచబడి, సాగుడు తగ్గి ఉంటుంది. ముద్దను పైకి లాగితే చర్మం కూడా దానితో లేచి వస్తుంది, కత్తెర ఎక్కడ పడుతోందో కంటికి తెలియదు. చిన్న ముద్దలను చర్మానికి ఆనుకుని ఉన్న మొదలు దగ్గర వేలితో అదిమి పట్టుకుని, కొసలనుంచి కొద్దికొద్దిగా విడదీయవచ్చు. పెద్దవాటిని పశువైద్యుడి దగ్గర క్లిప్పర్‌తో తీయించాలి. ఆ తర్వాత రోజూ కొన్ని నిమిషాలు, అది విసుక్కునేలోగా ఆపేస్తూ, మెత్తని దువ్వెనతో దువ్వితే చాలు. దువ్వేటప్పుడే గోళ్లు కూడా చూడండి. ముసలి పిల్లి గోళ్లు అరగక, వంపు తిరిగి, అరికాలి మెత్తలోకే దిగబడడం తరచుగా చూస్తుంటాం.

కొబ్బరినూనె రాస్తే అది నాకేస్తుంది, మిగిలినది దుమ్మును పట్టి ముద్దలను గట్టి చేస్తుంది. మాటిమాటికీ స్నానం చేయిస్తే ఉన్న కాస్త నూనె కూడా పోయి చుండ్రు ఎక్కువవుతుంది. వేసవి అని బొచ్చంతా గొరిగించవలసిన పని లేదు. చర్మాన్ని ఎండనుంచి కాపాడేది ఆ బొచ్చే. (తెల్లపిల్లి ఉన్న పాఠకులు చెవి కొసలను, ముక్కును తరచుగా గమనించాలి. మన ఎండకు అక్కడ మానని పుండు పడితే అది చర్మ క్యాన్సర్ కావచ్చు.)

తిండి సంగతి మీరు రాయలేదు. పెరుగన్నం, పాలతో పెరుగుతున్న పిల్లులు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. పిల్లి మాంసాహార జంతువు. టారిన్ వంటి పోషకాలు దానికి మాంసం, చేపల నుంచే అందాలి. నల్ల బొచ్చు ఎర్రబారుతుంటే ఎండ ఒక కారణం కావచ్చు, మాంసకృత్తుల్లోని టైరోసిన్ చాలకపోవడం మరొకటి. మూత్రపిండాల పరీక్ష ఫలితం వచ్చాకే మాంసం ఎంత పెంచాలో వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల పిల్లి రోజంతా గోక్కుంటోంది. తోక మొదట్లో బొచ్చు ఊడి, చిన్న చిన్న పొక్కులు లేచాయి. మా కుక్కకు పేల కోసం తెచ్చిన చుక్కల మందును దీని మెడమీద కూడా వేయవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వేయవద్దు. కుక్కల కోసం అమ్మే చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లికి విషం. వణుకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే గోరువెచ్చని నీటితో, గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. వణుకు మొదలైతే కడగడానికి కూడా ఆగవద్దు. కుక్కకు వాడిన మందు పెర్మెత్రిన్ అయితే, రెండూ ఒకచోట పడుకుంటున్నంతవరకూ వైద్యుణ్ణి అడిగి కుక్క మందు మార్చండి.

మీరు చెప్పిన గుర్తులు గెంతే పేలకు, అంటే ఫ్లీలకు సరిపోతాయి. పేల దువ్వెనతో దువ్వి, వచ్చిన నల్లని నలుసులను తడి తెల్లకాగితం మీద రాయండి. ఎర్రగా మరక దిగితే అది ఆ పురుగు తాగి విసర్జించిన రక్తమే. అలర్జీ ఉన్న పిల్లికి కొద్దిపాటి కాట్లే చాలు. గుడ్లు, లార్వాలు పిల్లి మీదకంటే పరుపుల్లో, చాపల కింద ఎక్కువగా ఉంటాయి కాబట్టి, పిల్లికి తగిన మందును బరువునుబట్టి వేయించి, కుక్కకూ అదే సమయంలో వైద్యం చేయించి, పక్కబట్టలను వేడినీటిలో ఉతకాలి. వేపనూనె, కర్పూరం పిల్లికి పూయవద్దు. ఇల్లు తుడిచే ఫినాయిల్ కూడా పాదాలకంటి, నాకినప్పుడు లోపలికి పోతుంది.

దురద ఆపడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ సూచిస్తే, ఈ వయసులో రక్తంలో చక్కెర చూశాకే వేయించండి. ఆ ఇంజెక్షన్ వల్ల లోపల దాగి ఉన్న మధుమేహం బయటపడవచ్చు. బొచ్చు ఊడినచోట గుండ్రటి పొలుసుల మచ్చ ఉండి, ఇంట్లో ఎవరికైనా ఒంటిమీద అలాంటిదే వచ్చిందంటే అది తామర కావచ్చు. అప్పుడు పిల్లికీ, ఆ మనిషికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టించాలి.